ఎండ్రికాయ చెట్టుకు ఒక మండలం చీకటి

నిజామాబాద్,
5 అక్టోబర్ 2025, ఆదివారం.

శారమ్మ పెద్దమ్మకు,

ఈ రోజు పొద్దున్నే నాకు తెలిసిన మొదటి వింత ఇది: నీ కిటికీలో ఉన్న మొక్క నాలుగేళ్లుగా పూయకపోవడానికి కారణం నువ్వే. కోపం తెచ్చుకోకు. సరిగ్గా చెప్పాలంటే, నీ కుట్టుమిషను మీద వెలిగే ట్యూబులైటు.

మా బాటనీ సారు భానుప్రసాద్ గారు ఆదివారం కూడా క్లాసు పెడతారు. అందరం ఆవలిస్తూ కూర్చున్నాం. ఆయన ఒక చిన్న కుండీ తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆకుకు ఆకు గొలుసులా అతుక్కుని, అంచులకు పీత గోళ్లలాంటి పళ్లతో ఉంది. "అరే, మా పెద్దమ్మ ఎండ్రికాయ చెట్టు!" అని గట్టిగా అనేశాను. క్లాసంతా నవ్వింది. సారు మాత్రం "పుస్తకంలో పేరు క్రిస్మస్ కాక్టస్. నీ పేరే బాగుంది" అన్నారు. ఆ పేరు పెట్టింది నువ్వని చెప్పలేదు. క్షమించు.

ఇది కాక్టసే అయినా ఎడారి మొక్క కాదట. బ్రెజిల్ అడవుల్లో పెద్ద చెట్ల కొమ్మల సందుల్లో బతుకుతుందట. అందుకే దీనికి మండుటెండ పడదు, వేళ్ల దగ్గర నీళ్లు నిలిచినా పడదు. ఎండాకాలంలో నువ్వు దాన్ని నీళ్ల రంజన్ పక్కన నీడలో పెట్టడం సరైన పనే. లోపం ఒక్కటే. మొగ్గ వేయాలంటే దానికి పొడుగాటి రాత్రులు కావాలి. సాయంత్రం ఆరు నుంచి మరునాడు ఏడు దాకా ఒక్క లైటు కూడా పడని చీకటి. నువ్వేమో రాత్రి పదకొండు దాకా జాకెట్లు కుడతావు. దాని లెక్కలో నీ ఇంట్లో ఎప్పుడూ ఎండాకాలమే!

ఇలా ఎన్నాళ్లంటే, దాదాపు ఒక మండలం. నిన్ననే మా తెలుగు మేడం చెప్పింది. మండలం అంటే మన వర్ని మండలం, మోస్రా మండలం మాత్రమే కాదట, నలభై రోజుల గడువు కూడానట. ఒకే మాటలో ఊళ్లూ రోజులూ రెండూ ఇమిడాయంటే నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

మా హాస్టల్లో ఫోన్లు ఉండనివ్వరు. ఆదివారం వరుసలో నిలబడితే దొరికే రెండు నిమిషాలు బాపుకే సరిపోవు. కాబట్టి నీకు ఉత్తరాలే. జవాబు రాయి.

మాటలు ఏరుకుంటున్న
నీ ఎస్తర్


బోధన్, రాకాసిపేట,
10 అక్టోబర్.

ఎస్తర్ బిడ్డకు,

ప్రభువు దయవల్ల నేను బాగున్నాను, నా మోకాలే బాగాలేదు. నేను మాట్లాడినట్టు రాస్తే నువ్వు ఎర్రపెన్నుతో దిద్దుతావని పుస్తకంలోలాగ రాస్తున్నాను. కోపం వచ్చినచోట మాత్రం నా వల్ల కాదు, ముందే చెప్తున్నా.

నీ ఉత్తరం చదివి మొక్కను ముందుగది నుంచి వెనకగదిలోకి మార్చాను. స్టూలు మీద పెట్టి, నాలుగు పుల్లలు గుచ్చి, సాయంత్రం కాగానే నల్ల లైనింగు బట్ట కప్పుతున్నాను. లైనింగు బట్టకు నా దగ్గర కరువా? కిటికీ తలుపులు కూడా మూస్తున్నాను. ముందుగదిలో మిషను దాని పాటికి నడుస్తుంది.

దీని కోసం ఇంత తంటా ఎందుకంటావా? చెప్తా విను. మా ఇంటి ఓనరు, గోడ అవతలింటి రాధాబాయి మంచి మనిషే. ఇల్లు ఆమె పేరు మీదే ఉంది, పెత్తనం మాత్రం కొడుకు నాగేందర్‌ది. మొన్న ఆమె కిటికీ దగ్గర నిలబడి, "శారా, పూయదు కాయదు, గీ గొడ్డు చెట్టును ఎందుకే మేపుతున్నవ్?" అన్నది. అన్నాక నేనెవరినో గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. అన్న మాట కంటే ఆ కరుచుకోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది. నాకు పిల్లలు లేరని ఈ గల్లీలో ఎవరికి తెలియదు?

అందుకే బిడ్డా, అది ఒక్కసారి పూయాలి. రాధాబాయి ముఖం ముందు పూయాలి. ఎంత చీకటి అడుగుతుందో అంత పెడతా.

మందలిస్తూనే ముద్దు చేసే
పెద్దమ్మ


(పోస్టు కార్డు)
నిజామాబాద్,
14 అక్టోబర్.

పెద్దమ్మా, మరవకు. పొద్దు గుంకగానే దానికి చీకటి తినిపించు. నల్లబట్ట తీయకు. ఎవరినీ ముట్టనివ్వకు. మండలం పూర్తయ్యేదాకా దీక్ష తప్పొద్దు. ఆ తరువాత చూడు, అది ఎర్రటి నోళ్లు తెరుస్తుంది. అప్పుడు గల్లీలో అందరి నోళ్లూ మూతపడతాయి! — ఎ.


బోధన్,
24 అక్టోబర్.

ఎస్తర్,

నీ కార్డు అందింది. నాకంటే ముందు నాగేందర్‌కు అందింది.

నేను బట్టల కొట్టుకు పోయిన వేళ కార్డు వచ్చి మెట్ల మీద పడి ఉందట. తీసి చదివాడు. చదివినవాడు నాకు ఇవ్వకుండా జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాడు. ఆ రెండు రోజుల్లోనే వాళ్ల చిన్నపాపకు జ్వరం తగిలింది. ఊరంతా జ్వరాలే కదా ఇప్పుడు.

అంతలో దీపావళి వచ్చింది. అమావాస్య. ప్రతి ఏడూ నాగేందర్ పెండ్లాం నా వెనక కిటికీ గట్టు మీద కూడా ఒక దీపం పెట్టి పోతుంది. మనం దీపావళి చేయకపోయినా ఆ దీపాన్ని నేనెప్పుడూ కాదనలేదు. ఈసారి మొక్క గుర్తొచ్చి, "ఇక్కడ పెట్టకమ్మా, ఈ గదిల వెలుతురు పడొద్దు" అన్నాను. ఆ పిల్ల మొహం తెల్లబోయింది. దీపం పట్టుకుని ఉరికింది.

తెల్లారి, మొక్క మీద బట్ట ఇంకా తీయకముందే నాగేందర్ వచ్చాడు. గడప దాటలేదు. కార్డు చేతిలో ఉంది.

"గిదేంది శారక్కా?"

"నా బిడ్డ రాసిన కార్డు. నీ జేబుల ఏం చేస్తుంది?"

"గా మాట తర్వాత. మండలమేంది, దీక్షేంది, నల్లబట్టేంది? దేనికి చీకటి తినిపిస్తున్నవ్?"

"చెట్టుకు."

"చెట్టుకు ఎవడన్న చీకటి తినిపిస్తడా? నీళ్లు పోస్తరు గాని! మా పోరికి రెండు దినాల సంది జెరం దిగుతలేదు. నిజం చెప్పు, గిది బాణామతి కాదా?"

నాకు మొదట నవ్వొచ్చింది. "రాకాసిపేటల ఉండి నన్ను చూసి భయపడుతున్నవా నాగేందర్?" అన్నా. అతను నవ్వలేదు. బట్ట ఎత్తి చూపించమన్నాడు. చూపించను అన్నాను. అయితే ఈ నెలాఖరు దాకా గడువు, అది పోవాలి, లేకుంటే నేను పోవాలి అన్నాడు.

నేను పోను. అది పోదు. నువ్వు గాబరా పడకు.

పెద్దమ్మ


నిజామాబాద్,
29 అక్టోబర్.

పెద్దమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి ఏడ్చాను, రెండుసార్లు పళ్లు కొరికాను. ఆ కార్డు రాసినప్పుడు నేను ఎంత మురిసిపోయానో తెలుసా? "చీకటి తినిపించు" అన్న మాట దొరికినందుకు పక్కమంచం దీక్షితను లేపి మరీ వినిపించాను. దానికి ఇంకో అర్థం ఉంటుందని తోచనేలేదు.

కానీ నువ్వు బట్ట ఎందుకు ఎత్తలేదు? ఒక్క నిమిషం ఎత్తితే అయిపోయేది! పగటిపూట ఎలాగూ బట్ట తీసే ఉంటుంది కదా, లోపలికి పిలిచి చూపించు. ముళ్లు కూడా లేని మొక్క, తాకించు.

నువ్వు చూపించకపోయినా నేను ఊరుకోను. నాగేందర్ గారికి నిన్ననే ఒక ఉత్తరం రాసి డబ్బాలో వేశాను. భయపడకు, చాలా మర్యాదగా రాశాను. చివరి వాక్యాలు ఇవి: "మీ గృహంలో నెలకొన్న అంధకారాన్ని ఆ మొక్క త్వరలోనే హరిస్తుంది. అది వికసించిన నాడు మీరు తల వంచక తప్పదు." ఎలా ఉంది?

నీ పక్షాన నిలబడ్డ
ఎస్తర్


బోధన్,
8 నవంబర్.

ఎస్తర్,

ఎలా ఉందంటే చెప్తా విను.

నాగేందర్ నీ ఉత్తరం పట్టుకుని గల్లీ మధ్యలో నిలబడి చదివాడు. "హరిస్తది అంటే ఏంది? ప్రాణాలు హరించుడే గద! మా ఇంటిని హరిస్తదట! తల వంచుతదట!" అని అందరికీ అర్థం చెప్పాడు. కరెంటు పని చేసే పరమేశ్వర్, "అరే, అంధకారాన్ని హరిస్తది అన్నదిరా, ఇంటిని కాదు" అంటే, "అంధకారం ఎవని ఇంట్ల ఉన్నది? నా ఇంట్లనే అని రాసింది గద!" అన్నాడు. పరమేశ్వర్ ఆ వాక్యం మళ్లీ చదివి కాగితం వాపసు ఇచ్చేశాడు. నువ్వు అదే రాశావు మరి.

పాప జ్వరం తగ్గి వారమైంది. ఆ సంగతి ఎవరూ ఎత్తరు. పెళ్లిళ్ల కాలం, ఈ పాటికి నా బల్ల మీద బట్టలు గుట్టలుగా ఉండాలి. నిన్న ఒకామె చెల్లెల్ని పంపి, కత్తెర పెట్టని జాకెట్టు ముక్క వాపసు తీసుకుంది. "మా అక్క రెడీమేడ్ కొనుక్కుంటదట" అని నేల చూపులు చూసింది పాపం ఆ పిల్ల. నా చేయి పడిన బట్ట తొడుక్కోవడానికి భయం.

గడువు దాటింది. నేను కిరాయి ఇచ్చాను, రాధాబాయి లెక్కపెట్టుకుని తీసుకుంది. కదలలేదు, కదలను.

బట్ట ఎందుకు ఎత్తలేదంటావు. ఇరవై రెండేళ్లు ఈ గల్లీ ఆడవాళ్ల కొలతలన్నీ నా నోట్లోనే ఉన్నాయి. ఎవరు లావయ్యారు, ఎవరు చిక్కిపోయారు, ఎవరి వీపు మీద దెబ్బల మచ్చలున్నాయి, ఒక్క మాట బయటికి పోనివ్వలేదు. అసొంటి నన్ను పట్టుకొని నాలుగు కట్టెల మీద కప్పిన బట్ట లేపి చూపియ్యి అంటే ఎట్ల చూపిస్త? ఇయ్యాల బట్ట లేపు అంటరు, రేపు పెట్టె తెరువు అంటరు. చూపియ్య.

నువ్వు ఇక రాయకు.

పెద్దమ్మ


నిజామాబాద్,
16 నవంబర్, ఆదివారం.

పెద్దమ్మా,

రాయవద్దన్నావు. కొన్నాళ్లు రాయకుండా ఉండి చూశాను. తెలుగు క్లాసులో కూడా నోరు మూసుకునే కూర్చున్నాను. మేడం నాకు ఒంట్లో బాగాలేదనుకుంది.

నువ్వు తిట్టినా ఇది మాత్రం రాయాలి, పనికొచ్చే విషయం. సారును అడిగి తెలుసుకున్నాను. ఆకు కొసన ఆవగింజంత ఎర్రటి చుక్క కనిపిస్తే అది మొగ్గ. అప్పటి నుంచి బట్ట కప్పక్కరలేదు. కుండీని జరపొద్దు, తిప్పొద్దు కూడా. చోటు మారితే మొగ్గలు రాలిపోతాయి. మట్టి పైన వేలు పెట్టి చూసి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయి.

ఈ ఉత్తరంలో ఒక్క అలంకారం కూడా లేదు, చూశావా?

బాపు ఈ రోజు నన్ను చూడటానికి వచ్చాడు. ఆయన చేతికి ఒక సంచి ఇచ్చాను. దీక్షితవి, ఇంకో నలుగురు అమ్మాయిలవి డ్రెస్సు బట్టలు, పైన మా వార్డెన్ భాగ్యలక్ష్మి మేడం జాకెట్టు ముక్క, కొలతకు ఒక పాత జాకెట్టు. సంగతంతా దాచకుండా చెప్పాను. మేడం విని, "మీ పెద్దమ్మ చేతబడి చేస్తే చేసింది గాని, చంకల దగ్గర బిగుతు లేకుండ కుడుతదా?" అని అడిగింది. బాగా కుడుతుందని చెప్పాను.

ఎస్తర్


బోధన్,
26 నవంబర్.

పిచ్చి పిల్లా,

ఊరోళ్లకు రాయకు అన్నాను గాని నాకు రాయకు అన్నానా? తపాలా మనిషి రాని రోజల్లా నువ్వు అలిగావని నేను, నేను కోపగించానని నువ్వు. ఇద్దరం ఇద్దరమే.

సంచి అందింది. మీ మేడం కొలత జాకెట్టుకు చంక దగ్గర గుడ్డ తక్కువ పెట్టి కుట్టారెవరో. నేను సరిచేస్తాను, చేసి నా పేరు చెప్పమను.

ఇక అసలు మాట. మొన్న పొద్దున బట్ట తీసి చూస్తే ఒక ఆకు కొసన ఎర్రగా ఏదో అంటుకుని ఉంది. దారం పోగు అనుకుని గోటితో తీయబోయి ఆగాను. ఈ రోజుకు లెక్కపెట్టడం మానేశాను, అన్ని ఉన్నాయి. నా కళ్లద్దాలు తగులుతాయేమో అన్నంత దగ్గరికి పోయి చూస్తున్నాను. ముట్టుకోలేదు, జరపలేదు.

ఎవరికీ చెప్పలేదు. నీకే.

పెద్దమ్మ


నిజామాబాద్,
30 నవంబర్, ఆదివారం.

పెద్దమ్మా!

హాస్టల్ వరండాలో గంతులేశాను. గెలిచాం! క్రిస్మస్ నాటికి పూర్తిగా విచ్చుకుంటాయని సారు చెప్పారు. అప్పుడు తలుపులు బార్లా తెరువు. గల్లీ మొత్తాన్ని పిలువు. రాధాబాయమ్మను ముందు వరుసలో కూర్చోబెట్టు. "గొడ్డు" అన్న మాటను ఆమె తన నోటితోనే వెనక్కి తీసుకోవాలి. నాగేందర్ గారు సిగ్గుపడుతుంటే చూడటానికి నేను కూడా సెలవు పెట్టి వస్తాను.

అంతవరకు దాన్ని ఎవరూ కదపకుండా చూసుకో. అదొక్కటే.

నీ ఎస్తర్


బోధన్, రాకాసిపేట,
5 డిసెంబర్, శుక్రవారం.

ఎస్తర్ బిడ్డకు,

ఈ రోజు పొద్దున నాగేందర్ ఇద్దరిని వెంటేసుకుని వచ్చాడు. నేను గంజి వారుస్తున్నాను. నేరుగా వెనకగదిలోకి పోయాడు. బట్ట లేదు, దీక్ష లేదు, పట్టపగలు స్టూలు మీద కుండీ. అయినా భుజం మీది తువ్వాలు చేతికి రెండు చుట్లు చుట్టుకుని ఎత్తాడు, ఎక్కడ కాటేస్తుందో అని. అంత భయంలో కూడా నాకు నవ్వొచ్చింది. నేను చేయి కడుక్కుని వచ్చేసరికి అది గల్లీలో మోరీ కాలువ పక్కన ఉంది.

మొగ్గలు రాలిపోయాయి బిడ్డా. గడప మీద కొన్ని, మెట్ల మీద కొన్ని, వాకిట్లో కొన్ని. నువ్వు చెప్పినట్టే అయింది. ఒకటో రెండో మిగిలాయి, అవీ నిలిచేట్టు లేవు.

జనం మూగారు. అందరూ చూశారు. తర్వాత పరమేశ్వర్ అన్నాడు: "గిదా నాగేందర్ బాణామతి? గిది ఎండ్రికాయ లెక్కున్నది గదరా! పట్టుకపోయి పులుసు పెట్టుకుందమా?" అందరూ పక్కున నవ్వారు. ఆ నవ్వుకు నాగేందర్‌కు సిగ్గు రావాలి కదా, మొండితనం వచ్చింది. "చెట్టయితే ఏంది? నా ఇల్లు, నా ఇష్టం. రేపు పొద్దుగాల తాళం చెవి నా చేతుల పెట్టాలె" అన్నాడు.

"రేపు నేను ఈడనే ఉంటా. చెట్టు ఈడనే ఉంటది. నువ్వు కావాల్నంటే తువ్వాల చుట్టుకొని మళ్ల రా" అన్నాను. కుండీ ఎత్తుకుని లోపలికి వచ్చాను. తువ్వాలు లేకుండానే.

అంతసేపూ రాధాబాయి మెట్ల మీద నిలబడే ఉంది. వంగి ఒక మొగ్గను ఏరుకుంది. ఆకును కూడా వేలితో తడిమింది. "యాలా కాటే నాహీత్ కా గ?" అని తన మరాఠీలో గొణిగింది. దీనికి ముళ్లే లేవా అని. నాలుగేళ్లు కిటికీ దగ్గరికి వచ్చిన మనిషి ఒక్కసారి తాకి చూసి ఉంటే తెలిసేది.

నువ్వు నిరాశ పడతావని తెలుసు. క్రిస్మస్‌కు పూలు చూపించి నోళ్లు మూయిద్దాం అనుకున్నావు. ముందు నేనూ అట్లాగే అనుకున్నాను. మధ్యాహ్నం మిషను ముందు కూర్చుని ఆలోచించాను. పూసింది కాబట్టి ఉండనిచ్చారు అంటే, పూయకపోతే పొమ్మనడం న్యాయమే అవుతుంది కదా? ఆ న్యాయం నేను ఒప్పుకోను. దాని విషయంలోనూ ఒప్పుకోను, నా విషయంలోనూ ఒప్పుకోను. ఇది రేపటికి పూయదు. పై ఏడు పూస్తుందో లేదో తెలియదు. చీకటి పెడతా, నీళ్లు పోస్తా, నా ఇంట్లో ఉంటుంది. రాధాబాయి ఏ మాటా వెనక్కి తీసుకోనక్కరలేదు. ఆ మాట నాకు తగిలే చోటే లేదు ఇప్పుడు.

సాయంత్రం పెరటి గోడ అవతల నుంచి రాధాబాయి గొంతు వినిపించింది.

"శారా, ఉన్నవా?"

"యాడికి పోతా?"

"నాకు రెండు జాకెట్లు కుట్టాలె. తెల్లారకముందే వస్త. ఇంక మబ్బుల ఉండంగనే, ఎవ్వరు లేవకముందు. లోపల కొల్త తీసుకో."

ఆమెకు నేను కావాలి, కొడుకు చూపు వద్దు. నాకు అర్థమైంది. ముందైతే సరే అనేదాన్నే.

"మబ్బుల తియ్య బాయీ. తెల్లారినంక తీస్త, ఏడింటికి. లోపల తియ్య, వాకిట్ల తీస్త. నీ కొడుకు తాళం చెవికి వచ్చేది గప్పుడే. ఇష్టముంటే రా, లేకుంటే రెడీమేడ్ కొనుక్కో."

వెళ్లిపోయింది అనుకుని నేను గిన్నెలు తోముకుంటున్నాను.

"జాకెట్టు చేతులు మోచేతి దాకా పెట్టాలె. గిప్పటి పోరగాండ్ల లెక్క పొట్టిగ పెట్టకు" అన్నది.

"కొల్త తీసేటప్పుడు చెప్పు" అన్నాను.

ఈ ఉత్తరం నీకు అందేసరికి రేపటి సంగతి అయిపోయి ఉంటుంది. ఏమవుతుందో నాకూ తెలియదు. ఆమె వస్తుందో, కొడుకు ముందు నిలబడుతుందో లేదో. నేను చేసేది మాత్రం చెప్తాను. రేపు పొద్దున్నే లేచి మిషనుకు నూనె పోస్తాను. దాన్ని ఈడ్చుకుపోయి వాకిట్లో నడిమధ్యన పెడతాను. పక్కన స్టూలు, స్టూలు మీద కుండీ. మీ వార్డెన్ మేడం జాకెట్టుకు గుండీలు మిగిలాయి, కుడుతూ కూర్చుంటాను. ఏడు కాగానే టేపు మెడలో వేసుకుని లేచి నిలబడతాను.

మీ పెద్దమ్మ
శారమ్మ